సోక్రటీసు

గ్రీకు దేశమందలి ఏథెన్సు నగరమున క్రీ. పూ. 470 ప్రాంతమున సోక్రటీసు జన్మించెను. తండ్రి శిల్పి, తల్లి మంత్రసాని. తానును తల్లి వృత్తినే చేయుచున్నాననియు, ఇతరుల మనస్సులలోని భావములను బయటికి తెచ్చుటయే తన పనియనియు అతడు చెప్పుకొనుచుండెడివాడు. చూచుటకు అందగాడు కాడు. ముక్కు చప్పిడి, కన్నులు మిడిగ్రుడ్లు. ఎండకును చలికిని ఒకే పైవస్త్రముతో, చెప్పులు లేక తిరుగుచుండెను.

బజారునకు పోయి, ఎదురైనవారి నెల్ల ప్రశ్నించుట అతని నిత్యకృత్యము. సేనాని కనబడిన ధైర్యమనగా నేమనియు, దైవజ్ఞుడు కనబడిన భక్తి యనగా నేమనియు అడుగును. చెప్పిన జవాబునుండియే మఱియొక ప్రశ్న పుట్టును. కడకు తమకు బాగుగ తెలిసినదనుకొన్న విషయము తెలియనే తెలియదని వారికి తోచును. పదిమంది చెప్పుచున్నంత మాత్రమున ఒక మాట నిజమగునా యని అతడు శోధించెడివాడు. యువకులు గుంపుగా చేరి వినోదింతురు. ఓడినవారు పండ్లు కొఱుకుదురు. అతని భార్య జాంథిప్పి కోపిష్ఠి యని ప్రసిద్ధి. సంపాదన నెఱుగని భర్తతో, మువ్వురు బిడ్డలతో సంసారము నడపుట ఎంత కష్టమో ఆ కథలు చెప్పినవారు తలచినట్లు లేదు. సోక్రటీసు ఒక్క గ్రంథమైనను వ్రాయలేదు. ప్లేటో, జెనొఫనుల రచనలవలననే అతని చరిత్రము మనకు ముఖ్యముగా తెలియుచున్నది.

బజారులో ప్రశ్నించుట కంటె, జనసమూహము కేకలు వేయుచుండగా నిలుచుట కష్టము. క్రీ. పూ. 406లో ఆర్గినూసీ దీవులకడ ఏథెన్సు నౌకాదళము స్పార్టావారిని ఓడించెను. కాని తుపాను చెలరేగుటచే, చితికిన ఓడలలోని తమవారిని సేనానులు రక్షింపలేకపోయిరి. నగరము శోకముతోను ఆగ్రహముతోను ఉడికిపోయెను. ఎనమండుగురు సేనానులకును కలిపి ఒక్కమాఱే ఓటు తీసి మరణదండన విధింపవలెనని సభలో ప్రతిపాదన వచ్చెను. ఒక్కొక్కరిని వేఱుగా విచారింపకుండ అట్లు చేయుట చట్టవిరుద్ధము. ఆనాటి అధ్యక్షవర్గములో సోక్రటీసు ఒక సభ్యుడు. ఆ వర్గమువారు కొందఱు మొదట అడ్డుచెప్పిరి గాని, వారిని కూడ నిందితులలో చేర్పవలెనని జనులు అఱచుటతో వెనుదీసిరి. సోక్రటీసు ఒక్కడే ఒప్పుకొనలేదు. అతని మాట చెల్లలేదు. నగరమునకు తిరిగి వచ్చియున్న ఆఱుగురు సేనానులు చంపబడిరి. పిమ్మట ఏథెన్సు జనులు తాము చేసినదానికి పశ్చాత్తాపపడిరి.

క్రీ. పూ. 404లో స్పార్టా గెలిచెను. ఏథెన్సులో ముప్పదిమంది నిరంకుశుల ప్రభుత్వ మేర్పడెను. సలామిసు వాసియగు లియోను అను నిరపరాధిని చంపుటకై పట్టి తెమ్మని వారు సోక్రటీసును, మఱి నలుగురిని ఆజ్ఞాపించిరి. తమ పాపములో పదుగురిని భాగస్వాములను చేయుట వారి యెత్తు. నలుగురు సలామిసునకు పోయిరి; సోక్రటీసు తిన్నగా ఇంటికి పోయెను. ఆ ప్రభుత్వము త్వరలో కూలుటచే అతని ప్రాణము దక్కెను.

ప్రజాప్రభుత్వము తిరిగి వచ్చెను. కాని నిరంకుశులలో ముఖ్యుడగు క్రిటియసు ఒకప్పుడు సోక్రటీసును వెంబడించి తిరిగినవాడు. జనులు దానిని మఱువలేదు. నగరదేవతలను నమ్మడనియు, యువకులను చెఱచుచున్నాడనియు క్రీ. పూ. 399లో మెలీటసు మొదలగు మువ్వురు అతనిపై నేరము మోపిరి. న్యాయనిర్ణేతలు సుమారు 500 మంది. వారి యెదుట బిడ్డలను నిలిపి, కంటనీరు పెట్టి బతిమాలుట ఆనాటి వాడుక. సోక్రటీసు అట్లు చేయలేదు. ముప్పది ఓట్లు మాఱియున్నచో విడుదల పొందియుండెడివాడు. తగిన శిక్ష యేదని అడుగగా, తనకు నగరము ఖర్చుతో భోజనము పెట్టుట తగుననెను! పిమ్మట మిత్రుల పూచీపై జరిమానాకు ఒప్పుకొనెను గాని, న్యాయనిర్ణేతలు మరణదండననే విధించిరి.

డీలోసు దీవికి పోయిన పవిత్రమైన ఓడ తిరిగి వచ్చువఱకు మరణశిక్ష అమలు చేయరాదు. అందుచే అతడు చాల దినములు చెఱసాలలో ఉండెను. క్రీటో అను మిత్రుడు ధనము వెచ్చించి, పాఱిపోవుటకు ఏర్పాట్లన్నియు చేసెను. అక్కడను సోక్రటీసు ప్రశ్నలే వేసెను. డెబ్బది ఏండ్లు ఈ నగర చట్టముల నీడన బ్రతికి, అవి తనకు ప్రతికూలమైన నాడు దొంగవలె తప్పించుకొనుట న్యాయమగునా యని అడిగెను. క్రీటో సమాధానము చెప్పలేకపోయెను.

సూర్యాస్తమయ వేళకు విషపాత్ర వచ్చెను. అతడు తడబడక త్రాగెను. ఏడ్చుచున్న మిత్రులను మందలించెను. కాళ్లు బరువెక్కువఱకు నడచి, పిమ్మట పండుకొని ముసుగు కప్పుకొనెను. శరీరము చల్లబడుచుండగా ముసుగు తొలగించి, వైద్యదేవతయగు ఆస్క్లీపియసునకు ఒక కోడిపుంజు బాకీ యున్నదనియు, మఱవక చెల్లింపుమనియు క్రీటోకు చెప్పెను. ఆపైన మాటాడలేదు.