రోనాల్డు రాసు: బేగంపేట పరిశోధనము

సికింద్రాబాదు చెంతనున్న బేగంపేటలో 1897 ఆగస్టు 20వ తేదీన ఒక సైనికవైద్యుడు దోమ కడుపును చీల్చి, సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు చలిజ్వరపు పరాన్నజీవిని కనుగొనెను. అతడే రోనాల్డు రాసు. చెడుగాలివలన జ్వరము పుట్టునను చిరకాలపు భ్రమ ఆనాటితో సడలెను.

రాసు 1857 మే 13వ తేదీన ఆల్మోరాలో జన్మించెను. మీరటులో సిపాయిలు తిరుగబడి అప్పటికి మూడుదినములే గడచెను. తండ్రి ఆంగ్లసేనలో అధికారి. కుమారునకు సాహిత్యముపై మక్కువ. కాని తండ్రి పట్టుదలచే వైద్యము నభ్యసించి, 1881లో భారతవైద్యశాఖలో ప్రవేశించెను. బెంగుళూరులో నుండగా తన కిటికీ ప్రక్కనున్న తొట్టిలో దోమలు పుట్టుచుండుట గమనించి, ఆ నీటిని పారబోయించెను, దోమలు తగ్గెను. పిదప అతడు లోకమునకు బోధించిన ఉపాయమునకు ఇదియే బీజము.

ఫ్రెంచివైద్యుడు లావెరాను 1880లోనే రోగి రక్తమున ఈ పరాన్నజీవిని చూచెను. అది ఒకరినుండి మరియొకరికి చేరు మార్గము మాత్రము తెలియకుండెను. దోమయే వాహకమేమోయను ఊహను 1894లో లండనునందు పాట్రిక్ మాన్సను రాసునకు వివరించెను. 1895లో సికింద్రాబాదు చేరిన రాసు ఎన్నియో దోమలను కోసి నిరాశ చెందెను. అవి ఈ రోగమును మోయని జాతులు. తుదకు చుక్కలరెక్కల దోమ లభించెను. దానిచే కుట్టించుకొన్న రోగి హుసేన్ ఖాన్. కాటునకు ఒక అణా అతని ప్రతిఫలము. 1902లో నోబెలు బహుమానము రాసునకు వచ్చెను. హుసేన్ ఖానునకు అణాలే మిగిలెను.

పని ఫలించిన కొలదికాలమునకే ప్రభువులు రాసును జ్వరరోగులు అరుదైన రాజపుతానాకు బదిలీచేసిరి. 1898లో కలకత్తాలో పక్షులపై పరిశోధించి, పరాన్నజీవి దోమ లాలాజలగ్రంథులను చేరి కాటుతో వ్యాపించునని నిరూపించెను. మనుష్యుల విషయమున అనాఫిలిసు దోమయే వాహకమని ఇటలీ పండితులు అదే యేట స్థిరపరచిరి. పిమ్మట సూయజు కాలువపై నున్న ఇస్మాయిలియా పట్టణమున రాసు సలహాతో నిలువనీటిని తొలగింపగా జ్వరము మిక్కిలి తగ్గెను. దోమల నన్నిటిని చంపనక్కరలేదనియు, వాటి సంఖ్య ఒక మేరకు దిగువనుంచిన రోగము తానే అణగుననియు గణితముచే తెలిపెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన మరణించెను.

చలిజ్వరము పల్లెలకును అడవులకును మాత్రమే చెందినదని పట్టణవాసులు తలచుట ప్రమాదము. అనాఫిలిసులో స్టీఫెన్సీ యను జాతి మేడలమీది తొట్లలో, బావులలో, కట్టడములకై నిలువచేసిన నీటిలో పెరుగును. దూరదేశములనుండి వచ్చిన కూలీల రక్తముతో పరాన్నజీవియు నగరము చేరవచ్చును. బోదకాలు పురుగును మోయు క్యూలెక్సు దోమకు మురుగునీరే పుట్టినిల్లు. ఒకనాడు పొలములును చెరువులునైన ఉప్పల్, నాచారము ప్రాంతములు కర్మాగారములతోను, నివాసములతోను నిండినవి. ఉప్పల్ 2007లో మహానగరమున విలీనమయ్యెను. ఇండ్లు లేచిన వేగమున కాలువలు లేవనిచో, చెరువు మురుగుగుంట యగును, మూసీ మురుగుకాలువ యగును.

మురుగుకాలువలు నగరపాలకుల బాధ్యత. మేడమీది తొట్టి గృహస్థుని బాధ్యత. పునాదిగుంటలోని నీరు కట్టడము కట్టించువాని బాధ్యత. తొట్టికి మూతవేయుటకును, వారమున కొకసారి నిలువనీరు పారబోయుటకును పాండిత్య మక్కరలేదు. బేగంపేటలోని ఆ భవనమును స్మారకముగా నిలుపుకొన్న మనము అందు వెల్లడియైన సత్యమును మన యింటి పెరటిలో మరచుట తగదు.