తీగ లేని తోరణం: జగదీశ్ చంద్ర బోసు

కడప జిల్లాలో వేంపల్లెకు సమీపాన గండి అనే క్షేత్రం ఉన్నది. పాపఘ్ని నది కొండను చీల్చుకొని మైదానంలోకి వెలువడే ఇరుకు త్రోవ అది. ఆ త్రోవను బట్టే ఆ చోటికి గండి అనే పేరు వచ్చింది. శ్రీరామునికి స్వాగతం పలుకుతూ వాయుదేవుడు ఈ కొండ నుండి ఆ కొండకు బంగారు తోరణం కట్టాడని స్థలపురాణం. ఆ తోరణం అందరి కంటికీ కనబడదని అక్కడి ప్రజల విశ్వాసం.

కంటికి కనబడని తోరణాలు నేడు ఆ చుట్టుపక్కల ప్రతి ఊరిలోను ఉన్నాయి. పులివెందులలోనో, జమ్మలమడుగులోనో, ప్రొద్దుటూరులోనో ఇంటిపట్టున కూర్చొని దూరనగరంలోని కార్యాలయానికి పనిచేసే యువకునికి ముందుగా ఎదురయ్యే సందేహం ఒకటే. తన కంప్యూటరును అంతర్జాలంతో తీగ ద్వారా కలపడమా, తీగ లేకుండా వై-ఫై ద్వారా కలపడమా? అంతర్జాలపు పెట్టె పడసాలలో ఉంటుంది. పనిచేసే గది ఇంటి వెనుక భాగంలో ఉంటుంది. నడుమ పాత మిద్దె ఇంటి మందపు రాతి గోడలు అడ్డుపడతాయి. తీగ లాగితే సంకేతం నిలకడగా వస్తుంది గాని, గోడకు రంధ్రం చేయాలి, కూర్చున్న చోటి నుండి కదలరాదు. తీగ లేకుంటే ఎక్కడైనా కూర్చోవచ్చును గాని, ఒక్కొక్క గోడ దాటేసరికి తరంగం నీరసిస్తుంది. ఈ తర్కానికి మూలమైన ప్రశ్నను నూట ముప్పై ఏండ్ల క్రిందటనే కలకత్తాలోని ఒక చిన్న గదిలో పరిశీలించిన మహనీయుడు జగదీశ్ చంద్ర బోసు.

బోసు 1858 నవంబరు 30న తూర్పు వంగదేశంలోని మైమన్‌సింగ్‌లో జన్మించాడు. ఆ ప్రాంతం నేడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. తండ్రి భగవాన్ చంద్ర బోసు ప్రభుత్వాధికారి. సంపన్నులు తమ పిల్లలను ఇంగ్లీషు బడులకు పంపడం గౌరవంగా భావించే ఆ రోజులలో ఆయన తన కుమారుని మాతృభాషలో బోధించే బడిలో చేర్పించాడు. అక్కడ జాలరి కొడుకు, ఇంటి నౌకరు కొడుకు బోసు ప్రక్కనే కూర్చునేవారు. వారి నోట విన్న చేపల కథలు, పక్షుల కథలు, నీటి జంతువుల కథలు ఆ బాలుని మనస్సులో ప్రకృతిపట్ల తీరని ఆసక్తిని నాటాయి. తరువాత కలకత్తా సెయింట్ జేవియర్స్ కళాశాలలో ఫాదర్ లఫోఁ భౌతికశాస్త్రాన్ని ప్రయోగాలతో బోధించి, ఆ ఆసక్తికి ఒక దారి చూపాడు.

1880లో వైద్యం చదువుదామని లండన్ వెళ్ళిన బోసును జ్వరం వేధించింది. వైద్యవిద్యను విడిచి, కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రాలు అభ్యసించాడు. 1885లో స్వదేశానికి తిరిగివచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఆ కాలంలో భారతీయ ఆచార్యునికి ఆంగ్లేయ ఆచార్యుని జీతంలో మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. బోసు నియామకం తాత్కాలికం కనుక అందులోనూ సగమే ముట్టేది. సమాన కృషికి సమాన వేతనం లేకుంటే అసలు జీతమే వద్దని ఆయన మూడేండ్లపాటు ఒక్క రూపాయి కూడ పుచ్చుకోలేదు, పాఠాలు మాత్రం ఏనాడూ మానలేదు. చివరకు ప్రభుత్వమే దిగివచ్చి, పూర్తి జీతాన్ని పాత బకాయితో సహా చెల్లించింది. ఈ కష్టకాలంలోనే, 1887లో, ఆయన అబలాదేవిని వివాహమాడాడు. ఆమె మన మద్రాసు నగరంలో కొంతకాలం వైద్యవిద్య అభ్యసించిన విదుషి.

కళాశాలలో పరిశోధనశాల లేదు. ఇరవై నాలుగు చదరపు అడుగుల చిన్న గది ఒకటి బోసుకు దొరికింది. ఒక రేకుల పనివానికి తానే పని నేర్పి, తన సొంత ఖర్చుతో పరికరాలు చేయించుకున్నాడు. 1894లో, తన ముప్పై ఆరవ జన్మదినాన, ఇక జీవితం పరిశోధనకే అంకితమని సంకల్పించుకున్నాడు.

అప్పటికి ప్రపంచం తీగల మీద నడుస్తున్నది. 1839లో కలకత్తా సమీపంలోనే ఓషాగ్నెసీ అనే వైద్యుడు తంతి ప్రయోగాలు చేశాడు. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరాలను తంతి కలిపింది. 1870లో సముద్రగర్భపు తీగ బొంబాయిని ఇంగ్లండుతో జతపరచింది. తీగ ఉన్నంతమేరే వార్త, తీగ తెగితే మౌనం. తీగ లేకుండ సంకేతం పంపవచ్చునా అన్న ప్రశ్నకు జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్ట్‌జ్ తలుపు తెరచాడు. విద్యుదయస్కాంత తరంగాలు శూన్యంలో ప్రయాణిస్తాయని ఆయన 1887-88 ప్రాంతంలో ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. కాని హెర్ట్‌జ్ తరంగాలు పొడవైనవి. కాంతివలె వాటిని వంచి, పరావర్తింపజేసి పరీక్షించాలంటే భారీ పరికరాలు కావాలి. బోసు గదిలో అంత చోటు లేదు! అందుచేత ఆయన తరంగాన్నే కుదించాడు. అయిదు మిల్లీమీటర్లంత పొట్టి తరంగాలను సృష్టించి, పరికరాలన్నింటినీ ఒక బల్లమీద ఇమిడ్చాడు. తరంగాన్ని ఒకే దిశకు నడిపే గొట్టాలు, దానిని గ్రహించే గరాటు, గెలీనా స్ఫటికపు గ్రాహకం ఆ బల్లమీదనే రూపొందాయి. తరంగపు కంపనదిశను వేరుచేయడానికి ఆయన వాడిన సాధనాలలో ఒకటి బ్రాడ్‌షా రైళ్ళ సమయసారిణి. ఆ పుస్తకపు పుటల నడుమ తగరపు రేకులను పరచడంతో రైళ్ళ వేళలు చెప్పే గ్రంథం శాస్త్రపరికరమైపోయింది.

1895లో కలకత్తాలో బోసు బహిరంగ ప్రదర్శన ఇచ్చాడు. వంగ రాష్ట్రపు లెఫ్టినెంట్ గవర్నరు సభకు అధ్యక్షుడు. ఒక గదిలో పుట్టిన తరంగం అధ్యక్షుని దేహాన్ని, మూడు గోడలను దాటి, డెబ్బయి అయిదు అడుగుల దూరంలోని గదిలో గంట మ్రోగించింది, పిస్తోలు పేల్చింది, కొద్దిపాటి మందుగుండును రగిలించింది. ఆ గదుల నడుమ ఏ తీగా లేదు. సభాసదులు విస్తుపోయారు. అయితే ఆ రోజున గోడలు దాటిన సంకేతం గంట మ్రోగించినదే గాని వార్త మోసినది కాదు. ఇది గుర్తుంచుకోదగిన భేదం.

1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బోసు ఉపన్యసించాడు. అదే కాలంలో ఇటలీ యువకుడు మార్కోనీ ఇంగ్లండులో తీగలేని తంతిని వ్యాపారంగా మలచుతున్నాడు. ఇద్దరి దారులు ఇక్కడ స్పష్టంగా విడిపోయాయి. తరంగ స్వభావం తెలుసుకోవడం బోసుకు ముఖ్యం, సముద్రం దాటించడం మార్కోనీకి ముఖ్యం. తరంగం పొడవైనకొద్దీ అడ్డంకులను చుట్టుకొని దూరం పోతుంది. పొట్టిదైనకొద్దీ కిరణంవలె సూటిగా సాగి, గోడలకు చిక్కుకుంటుంది. మార్కోనీ పొడవైన తరంగాన్ని ఎంచుకొని, 1901 డిసెంబరులో అట్లాంటిక్ మీదుగా సంకేతం అందుకున్నాడు. అప్పుడు ఆయన వాడిన పాదరసపు గ్రాహకానికి మూలం, 1899లో బోసు రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో ఉన్నదని 1998లో ఒక పరిశోధకుడు ప్రతిపాదించాడు. మార్కోనీ బోసును దోచుకున్నాడని అనడం సులువు. కాని దూరమనే లక్ష్యం మార్కోనీదే, దానికి వెచ్చించిన సాహసమూ ఆయనదే.

ఆ సంవత్సరం మే నెలలో లండన్‌లో ఉన్న బోసు వద్దకు ఒక తంతి సంస్థ యజమాని వచ్చాడు. కనుగొన్న గ్రాహకపు వివరాలు ఉపన్యాసంలో బయటపెట్టవద్దని, పేటెంటు తానే తీయిస్తానని, లాభంలో సగం ఇస్తానని అన్నాడు. బోసు ఒప్పుకోలేదు. జ్ఞానాన్ని అంగడి సరుకు చేయడం ఆయన స్వభావానికి సరిపడలేదు. సోదరి నివేదిత, అమెరికా వనిత సారా బుల్ పట్టుపట్టి దరఖాస్తు చేయించగా, 1904లో గెలీనా గ్రాహకానికి అమెరికా పేటెంటు లభించింది. దానిపై ఆయన ఒక్క పైసా ఆర్జించలేదు. ఈ త్యాగాన్ని కీర్తించేవారు దాని మూల్యాన్ని సాధారణంగా తలవరు. వ్యాపారాన్ని వదులుకున్నవానికి ధనంతోపాటు పేరూ దూరమైంది. దశాబ్దాల తరబడి తీగలేని తంతి చరిత్రలలో బోసు ఒక అధస్సూచికగానే మిగిలాడు.

తీగ మాత్రం ఓడిపోలేదు. 1927లో ఇంగ్లండుకు, భారతదేశానికి మధ్య తీగలేని ప్రసారం ఆరంభమై, చౌకధరతో సముద్రపు తీగల సంస్థలను వణికించింది. 1929లో ఆ రెండు పక్షాలూ ఒకే సంస్థగా విలీనమయ్యాయి. నేడు ఖండాంతర సమాచారంలో అత్యధిక భాగం సముద్రం అడుగున గాజు తీగలలోనే సాగుతున్నది. తీగలేని తరంగం ఎక్కువగా ఆఖరి కొన్ని అడుగులకే పరిమితమైంది.

ఆ ఆఖరి అడుగులలోనే బోసు మనకు సన్నిహితుడవుతాడు. ఇండ్లలోని వై-ఫై సాధారణంగా పన్నెండు సెంటీమీటర్ల ప్రాంతపు తరంగాన్ని, ఆరు సెంటీమీటర్ల ప్రాంతపు తరంగాన్ని వాడుతుంది. మొదటిది గోడలను కాస్త ఓర్చుకుంటుంది. రెండవది వేగం ఎక్కువ ఇచ్చి, గోడలకు త్వరగా లొంగుతుంది. 2012లో ప్రమాణీకరించిన మరొక రకం అయిదు మిల్లీమీటర్ల తరంగాన్నే వాడుతుంది. అంటే బోసు బల్లమీది తరంగాన్నే! అది అపార వేగం గలదేగాని, ఒకే గదిలో ఎదురెదురుగా ఉన్న పరికరాల నడుమ మాత్రమే బాగా పనిచేస్తుంది. పాపఘ్ని కొండకు గండి ఉన్నచోటనే దాటినట్లు, ఈ తరంగానికి కూడ తెరపి కావాలి. కనుక మిద్దె ఇంటిలో కదలని బల్లకు తీగ, చేతిలో తిరిగే ఫోనుకు తరంగం అన్న పంపకమే తగినది. రాతిగోడతో తర్కించి గెలిచిన వారు లేరు.

1900 ప్రాంతం నుండే బోసు దృష్టి మరొక దిశకు మరలింది. పదేపదే వాడిన గ్రాహకం అలసినట్లు మందగించి, విశ్రాంతి ఇస్తే కోలుకోవడం ఆయన గమనించాడు. లోహానికే అలసట ఉంటే ప్రాణమున్న మొక్కకు ఉండదా అని ఆలోచించి, మొక్కల స్పందనలను పదివేల రెట్లు పెద్దవిగా చూపే క్రెస్కోగ్రాఫు నిర్మించాడు. ఆ భావాలను తోటి శాస్త్రజ్ఞులలో కొందరు అంగీకరించలేదు, ఆ వివాదం ఆయన జీవితాంతం సాగింది. 1917 నవంబరు 30న కలకత్తాలో బోసు విజ్ఞానమందిరాన్ని స్థాపించి, అక్కడ జరిగే ఆవిష్కరణలకు పేటెంటు తీయరాదని నియమం పెట్టాడు. ఆ ఏడే సర్ బిరుదు, 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించాయి. 1937 నవంబరు 23న గిరిడీలో ఆయన తుదిశ్వాస విడిచాడు.

1894-96 నాటి మిల్లీమీటరు తరంగ ప్రయోగాలను గుర్తిస్తూ, అంతర్జాతీయ విద్యుత్ ఇంజనీర్ల సంస్థ 2012లో ఒక స్మారక ఫలకాన్ని సమర్పించింది. ఒకప్పుడు తాత్కాలిక ఆచార్యునిగా బోసు జీతం లేకుండ పాఠాలు చెప్పిన ప్రెసిడెన్సీ కళాశాలలోనే ఆ ఫలకం ఉన్నది.