ఒళ్లంతా ఒకే అల్లిక అన్న ఐడా రోల్ఫ్

మెడ నొప్పెడితే మెడకే మర్దన చేయించుకుంటారు కదా? ఒళ్లంతా చూడాలన్నారు ఐడా రోల్ఫ్. 1896లో న్యూయార్క్‌లో పుట్టిన ఆమె 1920లో కొలంబియా విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. రాక్‌ఫెల్లర్‌ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధకురాలిగా పనిచేశారు.

కండరాలను చుట్టి, కలిపి ఉంచే పొర ఫేషియా. అది బిగుసుకుంటే నిలబడే తీరు, నడక దెబ్బతింటాయని ఆమె నమ్మారు. వేళ్లతో, మోచేతులతో నొక్కి దాన్ని సడలించే చికిత్సను పది విడతలుగా రూపొందించారు. అదే రోల్ఫింగ్‌. 1960ల్లో కాలిఫోర్నియాలోని ఎసలెన్‌లో నేర్పాక పేరొచ్చింది. 1979లో కన్నుమూశారు.

ఆమె ఆలోచన విలువైనదే. కానీ చికిత్సకు గట్టి ఆధారాలు ఇంకా తక్కువే. ఎముకలు గుల్లబారినా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా గట్టిగా నొక్కించుకోవద్దు. నొప్పితోపాటు తిమ్మిర్లు, బలహీనత ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోండి.