మల్లవీరుడు జార్జి హాకెన్‌ష్మిట్

బలవంతుడు కావలెనని కోరని బాలుడుండడు. వ్యాయామశాలలో ఇనుపదండమునకు చక్రములు తగిలించి అవలీలగా నెత్తువానిని జూచినప్పుడు, మఱునాడే తానును అంత బరువు నెత్తవలెనని ప్రతి బాలునకును దోచును. ఒక వారము ఉత్సాహముతో నెత్తును. రెండవ వారము బరువు హెచ్చించును. మూడవ వారమున మోకాలో భుజమో నొప్పి పుట్టగా, ఈ విద్య తనకు సరిపడదని మానివేయును. ఓర్పు ఎంత మేలు చేయునో, కీళ్ళను లక్ష్యపెట్టకుండుట ఎంత చెఱుపు చేయునో తెలిసికొనుటకు జార్జి హాకెన్‌ష్మిట్ అను మల్లవీరుని జీవితము చక్కని పాఠము. ఆతడు తన కాలమున మహాబలశాలియని ఖండఖండాంతరముల గీర్తి గాంచెను. ఆతని మల్లజీవితము ముగియుటకు ముఖ్యకారణమైనది ఒక మోకాటి కీలు.

హాకెన్‌ష్మిట్ 1877వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన డోర్పాట్ పట్టణమున జన్మించెను. ఆ పట్టణము నాడు రష్యా సామ్రాజ్యములోనిది. నేడు ఎస్తోనియా దేశమున టార్టు అను పేర నున్నది. బడిలో చదువుకొను దినములలోనే ఆతనికి వ్యాయామమునందు మిక్కిలి ప్రీతి కలిగెను. చదువు ముగిసిన పిదప, ఇప్పుడు టాలిన్ అనబడు రేవెల్ నగరమునకు బోయి యంత్రముల కర్మాగారములో పని నేర్చుకొనుచు, అచ్చటి వ్యాయామ సంఘమున సభ్యుడయ్యెను. మొదట సైకిలు తొక్కుటయందును, పిమ్మట బరువులెత్తుటయందును, కుస్తీయందును అభ్యాసము చేసెను. ఆ దినములలో జార్జి లూరిఖ్ అను పేరుపొందిన మల్లుడు ఆ యూరికి వచ్చి హాకెన్‌ష్మిట్‌ను ఓడించెను. యువకుడు ఆ యోటమికి క్రుంగక, తన లోపమును గుర్తించి మఱింత శ్రద్ధతో సాధన సాగించెను.

ఒకప్పుడు పనిలో చేతికి గాయమై ఆతడు చికిత్సకు బోయెను. ఆ సందర్భముననే డాక్టరు క్రాయెవ్‌స్కీ అను వైద్యునితో ఆతనికి పరిచయము కలిగెను. ఈ క్రాయెవ్‌స్కీ సెయింట్ పీటర్స్‌బర్గు నివాసి. 1885వ సంవత్సరమున తన యింటనే బరువులెత్తువారి సంఘమును స్థాపించి, రష్యాదేశమున ఈ విద్యకు పితామహుడని పేరు వడసినవాడు. గాయపడిన చేతిని జూచిన కన్నులే ఆ దేహనిర్మాణమును గూడ జూచినవి. ఈ యువకుడు శిక్షణ పొందినచో లోకమున మేటి యగునని గ్రహించి, ఆయన అతనిని తన యింట నుండుటకు ఆహ్వానించెను. 1898వ సంవత్సరారంభమున హాకెన్‌ష్మిట్ పీటర్స్‌బర్గునకు బోయి ఆయనకు శిష్యుడయ్యెను.

గురువు వైద్యుడగుట ఆ శిష్యుని భాగ్యము. క్రాయెవ్‌స్కీ యింటిలో ఇనుపదండములు, డంబెల్సు, గుండ్లు అనేకము లుండెను. అయినను కనబడిన బరువునెల్ల నెత్తుట అచ్చటి పద్ధతి కాదు. దేహస్థితిని పరీక్షించుచు, క్రమముగా బరువు పెంచుటయే ఆ గురువు మార్గము. మద్యమునకును పొగాకునకును అచ్చట దావు లేదు. శిష్యుడు దినమునకు ఆఱు లీటర్లకు పైగా పాలు త్రాగెడివాడని ప్రసిద్ధి. పాల విషయమున ఆతని ననుకరించుట మనకు సాధ్యమును గాదు, అవసరమును గాదు. అనుకరింపదగినది ఆ క్రమము.

క్రమమేల యని యడుగవచ్చును. దేహములోని భాగములన్నియు ఒకే వేగమున బలపడవు. కండరములకు రక్తప్రసారము హెచ్చు. కావున అవి కొలది వారములలోనే బలపడి, ఇంకను బరువు వేయుమని మనస్సును తొందరపెట్టును. కండను ఎముకకు బిగించు స్నాయువులకు రక్తప్రసారము తక్కువ. కీళ్ళలో ఎముకల కొనలను గప్పియుండు మృదులాస్థికి రక్తనాళములే లేవు. అవి బలపడుటకు నెలలు పట్టును. కండ పిలిచిన చోటికి కీలు ఇంకను చేరకముందే బరువు హెచ్చించుటచేత క్రొత్తవారికి మోకాళ్ళయందును, భుజములయందును, మోచేతులయందును నొప్పులు కలుగుచుండును. గురువు శిష్యుని నిలిపి నిలిపి నడిపించుట ఇందులకే మేలు.

ఆ శిక్షణ వృథాపోలేదు. 1898వ సంవత్సరముననే హాకెన్‌ష్మిట్ వియన్నా నగరమున ఐరోపా మల్లులలో ప్రథముడయ్యెను. నేలపై వెల్లకిల బరుండి 361 పౌనుల బరువును, అనగా సుమారు 164 కిలోగ్రాముల దండమును, రెండు చేతులతో పైకి ద్రోసి, చాలకాలము ఎవ్వరును మించలేని రికార్డును నెలకొల్పెను. 1904వ సంవత్సరము జనవరి 30వ తేదీన లండను నగరములోని ఒలింపియా భవనమున తురుష్క మల్లుడగు అహమ్మదు మద్రాలితో ఆతడు తలపడెను. ఒక్క నిమిషమైన గడువకముందే మద్రాలి క్రింద బడెను, చేయి కీలు తప్పెను. ఎంతటి వీరునికైనను కీలే మర్మస్థానమని ఆనాడు చూపఱు లెల్ల గన్నులార గాంచిరి. 1905వ సంవత్సరము మే నెలలో న్యూయార్కునందు టామ్ జెన్‌కిన్సును ఓడించి ప్రపంచ మల్లాధిపత్యమును బొందెను. రష్యా సింహమను బిరుదు ఆతని పేరున స్థిరపడెను.

1908వ సంవత్సరమున ఆతడు తన యనుభవమును క్రోడీకరించి లండనులో నొక గ్రంథమును బ్రకటించెను. దాని పేరునకు జీవించు మార్గమని యర్థము. నిజమైన బలము గావలెనన్నచో బరువైన దండములతోడి సాధన తప్పదని ఆతని మతము. అయితే క్రొత్తవాడు తేలిక బరువుతో నారంభించి మెల్లమెల్లగా పైకి బోవలెననియు, దానితోపాటు పరుగు, దుముకుట మొదలగు వానిని విడువరాదనియు, గాలి, నిద్ర, మితాహారము బరువులకంటె తక్కువవి కావనియు ఆతడు బోధించెను.

ఆతని పేరుతో ముడిపడిన వ్యాయామ మొకటి నేటికిని వ్యాయామశాలలలో వాడుకలో నున్నది. దండమును వీపు వెనుక, తొడలకు దిగువగా రెండు చేతులతో బట్టుకొని బస్కీలు తీయుటయే అది. దానిని ఇంగ్లీషున హాక్ స్క్వాట్ అందురు. హాకెన్‌ష్మిట్ పేరునుండియే ఆ పేరు వచ్చెనని కొందఱును, మడమ యను నర్థమిచ్చు జర్మను పదమునుండి వచ్చెనని మఱికొందఱును జెప్పుదురు. పేరెట్లు వచ్చినను, మోకాలి నంతగా పరీక్షించు వ్యాయామములు కొన్నియే గలవు. కావున బరువు నెత్తు తీరును గూర్చి ఇచ్చట కొంత చెప్పుట యుచితము.

బస్కీలు తీయునపుడు పాదములు భుజముల వెడల్పున నుంచి, వ్రేళ్ళను కొంచెము వెలుపలికి ద్రిప్పి, మడమలు నేలను విడువకుండ జూచుకొనవలెను. మోకాళ్ళు పాదముల వ్రేళ్ళు చూచు దిక్కునకే వంగవలెను, లోపలికి ఒరగరాదు. పీటపై గూర్చుండువానివలె తుంటిని వెనుకకు బోనిచ్చి, వెన్ను గూనువడకుండ దిగవలెను. నేలనుండి దండము నెత్తునపుడు అది కాలిపిక్కల ముందరి యెముకకు దగ్గఱగా నుండవలెను. దూరమైనకొలది నడుముపై భారము హెచ్చును. వీపును విల్లువలె వంచి గుంజక, కాళ్ళతో నేలను ద్రొక్కుచు లేవవలెను. తలపైకి ద్రోయునపుడు మణికట్టు వెనుకకు విఱిగినట్లు పడిపోక ముంజేతితో తిన్నగా నిలువవలెను. నడుమును వెనుకకు వంచి బరువును పైకి నెట్టువాడు భుజబలమును వృద్ధిచేయుట లేదు, వెన్నును మోసగించుచున్నాడు.

ఈ తీరు కుదురువఱకు బరువుతో పని లేదు. పోటీలలో వాడు పురుషుల దండము చక్రములు లేకయే 20 కిలోగ్రాములు తూగును. బాలునకు అదియు భారమే కావచ్చును. అట్టివాడు వట్టి వెదురుకఱ్ఱతో నభ్యసించుటకు సిగ్గుపడరాదు. పదిసార్లెత్తినచో పదవసారి తీరు మొదటిసారి తీరువలెనే యుండవలెను. చెదరినచో బరువు హెచ్చైనదని యర్థము. వారమునకు రెండు మూడు దినములు, నడుమ నడుమ విరామ మిచ్చుచు, తెలిసిన గురువు కన్నుల యెదుట సాధన చేయుట చాలును. మొదట కొంతసేపు నడచియో మెల్లగా పరుగిడియో దేహమును వేడి చేసికొని, పిమ్మట దండమును ముట్టవలెను.

నొప్పులు రెండు విధములు. క్రొత్త వ్యాయామము చేసిన మఱునాడు, ఆ మఱునాడు కండలు పట్టినట్లుండుట మొదటిది. అది రెండుమూడు దినములలో దానంతట నది పోవును, భయపడ నక్కఱలేదు. కీలులోపల సూదితో గ్రుచ్చినట్లు పోటు పుట్టుట, కీలు వాచుట, బిగిసిపోవుట, నిలువలేక జాఱిపోవుట రెండవది. ఈ నొప్పిని పౌరుషముతో జయింపజూచుట అవివేకము. వెంటనే ఆ వ్యాయామమును నిలిపి, బరువు తగ్గించి తీరును సరిచూచుకొనవలెను. అప్పటికిని తగ్గనిచో, వాపున్నచో, తిమ్మిరి పుట్టినచో వైద్యునకు జూపవలెను. అంతమాత్రమున వ్యాయామమంతయు మాననక్కఱలేదు. నొప్పిలేని యంగములతో నొప్పి కలుగని రీతిని సాధన సాగింపవచ్చును.

ఈ రెండవ నొప్పియే హాకెన్‌ష్మిట్ పాలిటి శత్రు వయ్యెను. 1908వ సంవత్సరము ఏప్రిల్ 3వ తేదీన చికాగో నగరమున ఫ్రాంక్ గాచ్ అను అమెరికా మల్లునితో ఆతడు రెండు గంటలసేపు పెనగులాడి, తుదకు ఓటమి నొప్పుకొనెను. మరల గెలువవలెనను పట్టుదలతో 1911వ సంవత్సరమున తిరిగి చికాగోకు బోయెను. ఆతని మోకాలు కొన్నియేండ్ల ముందునుండియే బాధ పెట్టుచుండెను. పోటీ దగ్గఱపడిన దినములలో అభ్యాసము చేయుచుండగా ఆ మోకాలికి గట్టి దెబ్బ తగిలెను. ఏమి చేయవలెను? వేలకొలది జనులు టిక్కెట్లు కొనియుండిరి. పత్రికలన్నియు ఆ పోటీనే చాటుచుండెను. కీలు వలదనెను, లోకము రమ్మనెను. ఆతడు లోకము మాటనే వినెను.

సెప్టెంబరు 4వ తేదీన కొమిస్కీ క్రీడారంగమున సుమారు ముప్పదివేల జనుల యెదుట ఆతడు గోదాలో దిగెను. నిలువలేని కాలితో ఎంతసేపు పోరగలడు? వరుసగా రెండు పట్లలోను గాచ్ ఆతనిని పడవేసెను. గాచ్ సమర్థుడు గాడని యెవ్వరును అనజాలరు. మోకాలు బాగుగా నున్న నెవరు గెలిచెడివారో చెప్పుట యెవ్వరి తరమును గాదు. కాని ముప్పదినాలుగేండ్ల వయస్సున, కండబలము తఱుగకయే, ఆ సింహము గోదాను విడువవలసివచ్చెను. చేతులు మోయగలవు, గుండె నిబ్బరముగా నున్నది. కీలు మాత్రము నిలువలేదు.

ఆతని కథ ఇంతటితో ముగిసినచో విషాదమే మిగులును. పోటీలు విడిచిన పిదప ఆతడు ఏబదియాఱేండ్లకు పైగా జీవించెను. మొదటి మహాయుద్ధకాలమున జర్మనీలో నిర్బంధమున నుండవలసివచ్చెను. తరువాత ఫ్రాన్సునందును, ఇంగ్లండునందును నివసించి, తత్త్వశాస్త్రమున గ్రంథములు రచించెను. వ్యాయామమును మాత్రము విడువలేదు. చూపఱుల మెప్పుకై గాక దేహముయొక్క అవసరమునకై, తన వయస్సునకు దగిన రీతిని దానిని సాగించెను. వార్ధక్యమునందును చుఱుకుదనము తఱుగక, 1968వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన లండనులో తొంబదవయేట కాలధర్మము నొందెను.

విద్యార్థులారా! ఈ వీరుని జీవితమున రెండు చిత్రములు గలవు. గురువు చెప్పినంత బరువునే యెత్తి, తొందరపడక లోకమును గెలిచిన యువకుడు మొదటి చిత్రము. కీలు చెప్పిన మాటను పెడచెవిని బెట్టి, జనుల కేకలు విని గోదాలో దిగిన వీరుడు రెండవ చిత్రము. మనకెవ్వరికిని ముప్పదివేల జనులు టిక్కెట్లు కొనియుండరు. మన వ్యాయామశాలలో మనలను తొందరపెట్టువారు ప్రక్కన నిలిచిన యిద్దఱు ముగ్గురు స్నేహితులు మాత్రమే. వారి నవ్వునకు వెఱచి నేడు పది కిలోలు హెచ్చుగా నెత్తి, ఱేపు మోకాలు పట్టుకొని కూర్చుండుటకంటె, వారు నవ్వుచుండగా వెదురుకఱ్ఱతోనే తీరు నేర్చుకొనుట మేలు. ఏడాది గడచిన పిదప ఎవరి చేతిలో దండము మిగిలియుండునో వారే చూచెదరు.