కణాలకు వెలుగు బొట్టు పెట్టిన డాక్టరు

హెచ్ఐవీతో జీవిస్తున్నవారి రిపోర్టుల్లో ‘సీడీ4 కౌంట్’ అని ఒక అంకె కనిపిస్తుంది. రక్తక్యాన్సర్ అనుమానం వచ్చిన పిల్లల రిపోర్టులోనైతే సీడీ3, సీడీ10, సీడీ19 అంటూ పెద్ద పట్టికే ఉంటుంది. ఈ లెక్కలు తేల్చే పరీక్ష పేరు ఫ్లో సైటోమెట్రీ. పేరు కొత్తగా వినిపించినా దాని మూలం 1939లో ఒక యువవైద్యుడికి వచ్చిన ఆలోచనలో ఉంది. ఆయన పేరు ఆల్బర్ట్ కూన్స్. ఆయన్ను ఆ ఆలోచనకు నడిపించింది హెచ్ఐవీ కాదు, క్యాన్సరూ కాదు. గొంతునొప్పి తర్వాత కొందరు పిల్లలకు వచ్చే గుండెజబ్బు.

బెర్లిన్‌లో మెదిలిన ప్రశ్న

కూన్స్ 1912 జూన్ 28న అమెరికాలోని గ్లోవర్స్‌విల్‌లో పుట్టారు. తోలు చేతితొడుగుల తయారీకి పేరుపడ్డ ఊరది. హార్వర్డ్‌లో 1937లో వైద్యపట్టా అందుకుని బోస్టన్ ఆసుపత్రుల్లో శిక్షణ పొందారు. అప్పటికి పెన్సిలిన్ ఇంకా మందుగా రాలేదు. రుమాటిక్ జ్వరం అమెరికా పిల్లలనూ గట్టిగా పీడిస్తున్న రోజులవి.

ఈ జబ్బు తీరే వింత. ముందు స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాతో గొంతునొప్పి వస్తుంది, తగ్గిపోతుంది. రెండు మూడు వారాలకు జ్వరంతోపాటు ఒక్కో కీలూ వాస్తుంది. కొందరిలో గుండె కవాటాలు దెబ్బతింటాయి. అలాంటి గుండె ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే ఆషాఫ్ బాడీలనే చిన్నచిన్న గుళికలు కనిపిస్తాయి. ఇన్‌ఫెక్షన్ గొంతులో వస్తే గుండెలో ఈ గుళికలెందుకు? బ్యాక్టీరియా తాలూకు పదార్థమేదైనా అక్కడికి చేరి, దానిమీదికి యాంటీబాడీలు దండెత్తుతున్నాయా? అలా అనుమానించేవారు ఉన్నారు గానీ, కంటితో చూసి తేల్చే దారి లేదు.

1939 వేసవిలో బెర్లిన్ వెళ్లినప్పుడు కూన్స్ బుర్రను తొలిచింది ఈ ప్రశ్నే. యాంటీబాడీ తనకు సరిపడే పదార్థానికే అతుక్కుంటుంది, వేరే తాళానికి పట్టని తాళంచెవిలాగా. ఆ యాంటీబాడీకే ఒక గుర్తు తగిలించి గుండె ముక్క మీద పోస్తే, అది ఎక్కడ అతుక్కుందో మైక్రోస్కోపులో చూడొచ్చు కదా? ఆయన ఆలోచన ఇంతే. ఆ సెప్టెంబరులోనే రెండో ప్రపంచయుద్ధం మొదలైంది.

రంగు చాలలేదు, వెలుగు కావాలి

యాంటీబాడీకి ఎర్రరంగు అతికించే ప్రయత్నాలు అంతకుముందే జరిగాయి. పరీక్షనాళికలో గుంపులుగా ఉన్న బ్యాక్టీరియా మీద ఆ రంగు కనిపించేది. పలుచని కణజాలంలో మాత్రం అంత కొద్ది రంగు కంటికి ఆనదు. అదే వెలుగైతే వేరు. పట్టపగలు కనిపించని మిణుగురు చీకట్లో దూరం నుంచి కూడా కనిపిస్తుంది. అతినీలలోహిత కిరణాలు పడితే మెరిసే ఫ్లోరోసెంట్ పదార్థాన్ని యాంటీబాడీకి అతికించాలని కూన్స్ నిర్ణయించుకున్నారు.

అది డాక్టరు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. హార్వర్డ్‌లోనే లూయిస్ ఫీజర్ అనే రసాయన శాస్త్రవేత్త దగ్గర హ్యూ క్రీచ్, నార్మన్ జోన్స్ అలాంటి పదార్థాలను ప్రొటీన్లకు అతికించే పనిలో ఉన్నారు. వారితో కలిసి కూన్స్ న్యుమోనియా బ్యాక్టీరియాకు అతుక్కునే యాంటీబాడీకి నీలంగా మెరిసే గుర్తు తగిలించారు. యాంటీబాడీ తన పని మరచిపోలేదు; బ్యాక్టీరియాను పట్టుకుంది, మెరిసింది. 1941లో ఈ ఫలితాన్ని ప్రచురించారు.

కణజాలం దగ్గరకొచ్చేసరికి చిక్కు వచ్చిపడింది. మన కణజాలానికే సహజంగా కొంత నీలపు మెరుపు ఉంటుంది. ఏది గుర్తు, ఏది సహజమో తేలలేదు. అందుకని ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరెసీన్‌కు మారారు. దాన్ని యాంటీబాడీకి అతికేలా తయారుచేయడానికి మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులను చంపిన ఫాస్జీన్ విషవాయువును వాడాల్సి వచ్చేది. ఇంత కష్టపడ్డాక, 1942లో కణజాలంలో దాగిన న్యుమోనియా బ్యాక్టీరియా పదార్థాన్ని ఆకుపచ్చ వెలుగుగా చూపించగలిగారు.

అంతలో సైన్యం పిలిచింది. 1946 దాకా కూన్స్ మిలిటరీ డాక్టరుగా ఉండిపోయారు. తిరిగొచ్చాక మెల్విన్ కప్లాన్‌తో కలిసి 1950లో పద్ధతికి మెరుగులు దిద్దారు. గవదబిళ్లల వైరస్ ఏ కణాల్లో ఉందో చూపించగలిగారు. 1955 నాటికి ఒంట్లో యాంటీబాడీలను తయారుచేసేది ప్లాస్మా కణాలేనని కళ్లకు కట్టారు. 1958లో వేరే బృందం ఫ్లోరెసీన్ ఐసోథయోసయనేట్‌ను తెచ్చింది. దీనితో విషవాయువు బెడద తప్పి, ఈ పద్ధతి ఎన్నో ల్యాబులకు పాకింది. ఆ పదార్థాన్ని నేటికీ వాడుతున్నాం. 1959లో కూన్స్‌కు లాస్కర్ అవార్డు దక్కింది.

స్లైడు మీంచి యంత్రంలోకి

కూన్స్ చూసింది ఎక్కువగా గాజుపలక మీది కణజాలాన్ని. రక్తంలోని తెల్లకణాల సంగతి వేరు. మైక్రోస్కోపులో చాలావరకు ఒకేలా కనిపించే లింఫోసైట్లలోనే ఎన్నో రకాలున్నాయి. వాటిని విడదీసి చెప్పేవి వాటి పైపొర మీదుండే రిసెప్టర్లు, ఇతర గుర్తు ప్రొటీన్లు. సీడీ4, సీడీ19 లాంటివి వాటికి పెట్టిన పేర్లే. బతికున్న కణానికి మెరిసే యాంటీబాడీ తగిలిస్తే అది పైపొర మీదున్న తన ప్రొటీన్‌కే అతుక్కుంటుంది.

1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో లెనార్డ్ హెర్జెన్‌బర్గ్ బృందం ఇలా మెరిసే కణాలను గుర్తించి వేరుచేసే యంత్రం మీద పనిచేసింది. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే లక్ష్యానికి అతుక్కునే యాంటీబాడీలను ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. దాంతో ఒక్కో రిసెప్టర్‌కు ఒక్కో యాంటీబాడీ చేతికొచ్చింది.

ఈ పరీక్షకు సాధారణంగా కొద్దిపాటి రక్తం చాలు. మెరిసే యాంటీబాడీలు కలిపాక కణాలు సన్నని ధారలో, క్యూలో నిలబడ్డట్టు ఒక్కొక్కటిగా లేజర్ కిరణం ముందు నుంచి వెళతాయి. ఏ కణం ఏ రంగులో ఎంత మెరిసిందో యంత్రం నమోదు చేసుకుంటుంది. సెకనుకు వేల కణాలు లెక్కకొస్తాయి.

మన రిపోర్టు దాకా

కూన్స్ 1978లో కన్నుమూశారు. మూడేళ్లకు ఎయిడ్స్ బయటపడింది. హెచ్ఐవీ కణంలోకి దూరే తలుపు సీడీ4 రిసెప్టరేనని 1984లో తేలింది. మన దేశంలో 2004 ఏప్రిల్‌లో ఉచిత ఏఆర్టీ మందులు మొదలైనప్పుడు ఆంధ్రప్రదేశ్ తొలి రాష్ట్రాల్లో ఒకటి. ఎవరికి ఎప్పుడు మందు మొదలుపెట్టాలో చెప్పడంలో అప్పట్లో సీడీ4 కౌంట్‌దే పెద్ద పాత్ర. 2017 నుంచి కౌంట్ ఎంతున్నా మందు ఇస్తున్నాం. అయినా 200 కంటే తగ్గితే ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్లు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఈ పరీక్ష అవసరం పోలేదు. ఒకటి గుర్తుంచుకోండి. చిన్న జలుబు చేసినా ఈ అంకె కొంత అటూఇటూ అవుతుంది. కాస్త తగ్గిందని బెంబేలెత్తొద్దు, పెరిగిందని మందులు మానొద్దు.

రక్తక్యాన్సర్‌లోనూ అంతే. జబ్బు బి-కణాలదా, టి-కణాలదా అన్నది తేలితేనే సరైన చికిత్స ఎంచుకోగలం. చికిత్స తర్వాత మిగిలిపోయిన కొద్దిపాటి క్యాన్సర్ కణాలనూ ఈ మెరుపే పట్టిస్తుంది. రిపోర్టులోని ఒక్కో సీడీ అంకెను పట్టుకుని ఇంటర్నెట్‌లో వెతికి కంగారుపడకండి. ఎముక మజ్జ పరీక్షతో కలిపి పట్టికను మొత్తంగా చదివితేనే దానికి అర్థం.

ఇంతకీ మొదటి ప్రశ్న ఏమైంది? దానికి ముఖ్యమైన ఆధారం కూన్స్ వద్ద పనిచేసిన కప్లాన్‌కే దొరికింది. 1960ల్లో ఆయన ఇదే పద్ధతితో రుమాటిక్ గుండెలను పరిశీలించి, వాటికి యాంటీబాడీలు అతుక్కుని ఉండటం చూశారు. స్ట్రెప్టోకాకస్‌కూ గుండె కండరానికీ కొన్ని పోలికలున్నాయని, బ్యాక్టీరియా కోసం తయారైన యాంటీబాడీలు గుండెనూ పట్టుకుంటున్నాయని తేల్చారు. అంటే గుండె మీద దాడికి బ్యాక్టీరియా అక్కడ ఉండాల్సిన పనే లేదు.

ఈ జబ్బు అమెరికాలో చాలావరకు తగ్గిపోయింది. మన ప్రభుత్వాసుపత్రులకు ఇప్పటికీ కవాటాలు పాడైన యువతీయువకులు వస్తూనే ఉన్నారు. పిల్లలకు జ్వరంతో గొంతు బాగా నొప్పి పుడితే డాక్టరుకు చూపించండి, యాంటీబయాటిక్ రాస్తే చెప్పినన్ని రోజులూ వాడండి. రుమాటిక్ జ్వరం ఒకసారి వచ్చిన పిల్లలకు మూడు వారాలకోసారి ఇచ్చే పెన్సిలిన్ ఇంజెక్షన్‌ను, పిల్లాడు హుషారుగా ఉన్నాడు కదా అని మానిపించకండి. మళ్లీ గొంతులో ఇన్‌ఫెక్షన్ వస్తే యాంటీబాడీలు మళ్లీ గుండె మీదికే వెళతాయి.