కథలకు విలువ కట్టిన కావలి బొర్రయ్య

త్రిపురారం, మిర్యాలగూడ పల్లెల్లో పెద్దలు చెప్పే పాతకాలపు రాజుల కథలను కాలక్షేపమని కొట్టిపారేస్తుంటాం. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్యగారు మాత్రం అటువంటివాటిలో చరిత్రను వెదికారు. 1776లో జన్మించిన ఆయన కల్నల్ కాలిన్ మెకంజీ కొలువులో చేరి ఊరూరా తిరిగారు. శాసనాలను, స్థలచరిత్రలను సేకరించారు. 1803లో, పిన్న వయసులోనే కన్నుమూశారు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించారు.

ఈ దేశపు విజ్ఞానానికి తనను చేర్చినవాడు బొర్రయ్యేనని మెకంజీ దొర తర్వాత ఒప్పుకున్నాడు. అలా పోగైన గ్రామ కైఫీయతులలో ముక్కంటి పల్లవుని గాథ తరచు కనిపిస్తుంది. అందులో నిజమెంతో తేల్చేందుకు నేలటూరి వెంకటరమణయ్యగారు 1929లో ఒక గ్రంథమే ప్రకటించారు.

రాసిపెట్టినందువల్లనే ఆ కథలు మిగిలాయి. మీ ఇంటి పెద్దల కథలను ఎవరు రాస్తున్నారు?