కొలువులు నిలిచాయి, వారసత్వం కూలింది: సాంఘై పాలకుడు అస్కియా మహమ్మద్

పశ్చిమ ఆఫ్రికాలో నైజర్ నది ప్రాంతంలో టింబక్టూ, జెన్నె నగరాలను కత్తితో గెలిచిన సాంఘై రాజు సున్నీ అలీ 1492లో మరణించాడు. గద్దెనెక్కిన కొడుకు సున్నీ బారును నెలల వ్యవధిలోనే, 1493లో, ఒక సేనాని ఓడించి రాజయ్యాడు. ఆయనే అస్కియా మహమ్మద్.

రాజు కొడుకు కాని వాడికి సింహాసనంపై హక్కేమిటన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబును ఆయన మతంలో వెతికాడు. 1496లో భారీ పరివారంతో మక్కా యాత్రకు బయల్దేరాడు. 3 లక్షల బంగారు నాణేలు వెంట తీసుకెళ్లాడని టింబక్టూ చరిత్ర గ్రంథాలు చెబుతాయి. తన ప్రాంతానికి ఖలీఫా ప్రతినిధి అనే హోదాతో తిరిగొచ్చాడు. పన్నులు, ఆస్తులు, న్యాయం విషయంలో ధర్మమేమిటో చెప్పమని అల్ మగీలీ అనే పండితుణ్ని అడిగి రాయించుకున్నాడు.

అసలు బలం మాత్రం కొలువుల్లో ఉంది. పశ్చిమ ప్రాంతాలను కుర్మినా ఫారి హోదాలో తమ్ముడు ఉమర్‌కు అప్పగించాడు. ఆగ్నేయాన డెండి ఫారి ఉండేవాడు. రాజు ముఖం మీదే నిజం చెప్పే హక్కు ఆ పదవికి ఉండేది. నది మీది పడవల దళానికి హి కోయి అధిపతి. టింబక్టూలో తీర్పులు ఖాజీవే. రాజు పంపిన మనుషులను ఖాజీ మహమూద్ వెనక్కి పంపేశాడనీ, రాజే స్వయంగా వెళ్లి మాట్లాడాల్సి వచ్చిందనీ ఒక కథనం.

ఇన్ని పదవులకు హద్దులు గీసిన రాజు, తన తర్వాత ఎవరన్నది మాత్రం తేల్చలేదు. కొడుకులు చాలామంది. ముసలితనంలో చూపు పోయింది. 1529లో పెద్ద కొడుకు మూసా ఆయన్ను దింపేశాడు. రెండేళ్లకే మూసాను సోదరులు చంపారు. తర్వాత గద్దెనెక్కిన ఉమర్ కొడుకు, వృద్ధ రాజును నైజర్ నదిలోని ఒక దీవికి పంపాడు. 1537లో మరో కొడుకు ఇస్మాయిల్ అధికారంలోకి వచ్చి తండ్రిని గావోకు తీసుకొచ్చాడు. మరుసటి ఏడాది ఆయన కన్నుమూశాడు.

ఆయన ఏర్పరచిన కొలువులతోనే ఇంకో కొడుకు దావూద్ 1549 నుంచి 1582 వరకు స్థిరంగా పాలించాడు. ఆ తర్వాత మళ్లీ అన్నదమ్ముల పోరు మొదలైంది. 1591లో తుపాకులతో వచ్చిన మొరాకో సైన్యం, అప్పటికే లోలోపల చీలిన రాజ్యాన్ని టోండిబి దగ్గర ఓడించింది.

గావోలో ఆయనదిగా చెప్పే 17 మీటర్ల మట్టి సమాధి 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మాలిలో అంతర్యుద్ధం చెలరేగాక, 2012లో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాకూ ఎక్కింది.